పెరట్లో పురుగుల ఫొటోగ్రఫీ: తరచుగా అడిగే ప్రశ్నలు

పెరట్లో తీసిన పురుగు ఫొటో ఎవరికైనా చూపిస్తే చాలు, మొదటి ప్రశ్న కెమెరా గురించే వస్తుంది. ఆ వెంటనే "మా ఇంట్లో అలాంటివి ఉండవులే" అంటారు. తర్వాత అడిగేవి కూడా దాదాపు ఎప్పుడూ అవే. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమవుతుంది కాబట్టి మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఒక్క మాట మాత్రం ముందే చెప్తాను. ఈ రోజు చూసిన ఆకు దగ్గరికే రేపూ, ఎల్లుండీ వెళ్లగలగడం పెరడు ఇచ్చే పెద్ద సౌకర్యం. ఎంత ఖరీదైన లెన్స్ కొన్నా అది దొరకదు.

## మొదలుపెట్టే ముందు

మా పెరడు చాలా చిన్నది, నాలుగు కుండీలు తప్ప ఏమీ లేవు. ఫొటోలు తీసేన్ని పురుగులు ఉంటాయా?

ఉంటాయి. ఒక్క గులాబీ మొక్కనే తీసుకోండి. లేత చిగురు మీద పేనుబంక చేరుతుంది. అది విసర్జించే తియ్యటి ద్రవం కోసం చీమలు వస్తాయి. పేనుబంకను తినడానికి అక్షింతల పురుగు, దాని పిల్లపురుగు, హోవర్‌ఫ్లై ఈగ పిల్లపురుగు వస్తాయి. ఆకు అంచు గుండ్రంగా, కత్తెరతో కోసినట్టు లేకుండా పోయిందంటే అది ఆకులు కత్తిరించే తేనెటీగ పని. గూటిలో గదులు కట్టుకోవడానికి ఆ ముక్కలు పట్టుకెళ్తుంది. చీమ పేనుబంక వెనక భాగాన్ని మీసాలతో మెల్లగా తడితే చిన్న చుక్క బయటికొస్తుంది, చీమ దాన్ని నోటితో అందుకుంటుంది. ఆ ఒక్క క్షణాన్ని ఫొటోలో పట్టుకోవడానికే చాలా రోజులు పడుతుంది. కాబట్టి స్థలం చాలదన్న దిగులు అక్కర్లేదు.

పురుగుల్ని చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఈ హాబీ నాకు సరిపడుతుందా?

చాలామందికి సరిపడింది. సీతాకోకచిలుకలు, తూనీగలు, అక్షింతల పురుగులతో మొదలుపెట్టండి. తూనీగలకు కుట్టే ముల్లు లేదు, సీతాకోకచిలుకలు కరవలేవు. మధ్యలో లెన్స్ ఉంటుంది కాబట్టి మీరు ముట్టుకోవలసిన పనీ లేదు. ముఖం దగ్గరగా కనిపించడం మొదలయ్యాక భయం పోయి కుతూహలం వస్తుంది. గెంతే సాలీడు పెద్ద కళ్లతో కెమెరా వైపు తిరిగి చూసే ఫొటో ఒకటి తీయండి, సాలీళ్ల మీద మీ అభిప్రాయం మారుతుంది.

సాలీళ్లు, ఆరుద్ర పురుగులు, జెర్రులు కూడా కీటకాలేనా?

కావు. కీటకానికి ఆరు కాళ్లు, మూడు భాగాల శరీరం (తల, రొమ్ము, పొట్ట) ఉంటాయి. సాలీడుకు ఎనిమిది కాళ్లు. ఎర్రటి ముఖమల్‌లా ఉండే ఆరుద్ర పురుగు మైట్ జాతిది (మంచంలో ఉండే నల్లి కాదు), ఎదిగాక దానికీ ఎనిమిది కాళ్లే. జెర్రి వేరే వర్గం. పెరట్లో కెమెరా పట్టుకున్నవాళ్లు మాత్రం అన్నిటినీ తీస్తారు, మీరూ తీయండి. పేరు వెతికేటప్పుడు ముందు కాళ్లు లెక్కపెట్టుకుంటే సగం పని తేలికవుతుంది.

రోజూ ఎంత టైం పెట్టాలి?

రోజూ 20 నిమిషాలు చాలు. ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు తిరగడం కన్నా ఇది మేలు. ఏ పురుగు ఏ వేళకు ఏ కొమ్మ మీద ఉంటుందో రోజూ చూస్తేనే తెలుస్తుంది.

## కెమెరా, లెన్స్

ఫోన్‌తో మంచి ఫొటోలు వస్తాయా?

వస్తాయి, అయితే సెంటీమీటరు కన్నా పెద్ద పురుగులతో మొదలుపెట్టాలి. కొన్ని ఫోన్లలో మాక్రో (అతి దగ్గరి ఫొటోల) మోడ్ అల్ట్రావైడ్ కెమెరాతో పనిచేస్తుంది. 2021లో వచ్చిన ఐఫోన్ 13 ప్రో అలాగే 2 సెంటీమీటర్ల దూరం దాకా ఫోకస్ చేయగలిగింది. అంత దగ్గరికి వెళ్తే ఫోన్ నీడ పురుగు మీద పడుతుంది, పురుగు కూడా బెదురుతుంది. అలాంటప్పుడు కాస్త వెనక్కి జరిగి ప్రధాన కెమెరాలో 2ఎక్స్ జూమ్‌తో తీసి, తర్వాత క్రాప్ చేసుకోండి. చవక ఫోన్లలో విడిగా ఇచ్చే 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరా కన్నా ఇది చాలా నయం.

ఇంకా చిన్నవి కావాలంటే ఫోన్‌కు తగిలించే క్లిప్ మాక్రో లెన్స్ పనికొస్తుంది. తెర మీద కళ్ల దగ్గర వేలితో నొక్కి పట్టి ఫోకస్ లాక్ చేయండి, తర్వాత ఫోన్‌నే వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ కదుపుతూ బర్స్ట్‌లో (ఆపకుండా వరసగా) తీయండి. పురుగు అదేపనిగా కదులుతుంటే 4కే వీడియో తీసి అందులోంచి ఒక ఫ్రేమ్ తీసుకోవచ్చు. ఒక్కో ఫ్రేమ్ సుమారు 8 మెగాపిక్సెళ్లు ఉంటుంది.

డబ్బులు పెడితే కెమెరా మీద పెట్టాలా, లెన్స్ మీదా?

లెన్స్ మీద, వెలుతురు మీద. పాత కెమెరాకు మంచి మాక్రో లెన్స్, ఒక ఫ్లాష్, దాని వెలుతురును మెత్తబరిచే డిఫ్యూజర్ ఉంటే, కొత్త కెమెరాకు దాంతోపాటు వచ్చే కిట్ లెన్స్ తగిలించి తీసినదానికన్నా ఎంతో బాగా వస్తుంది. పురుగుల ఫొటోల్లో స్పష్టత చాలావరకు వెలుతురు నుంచే వస్తుంది. ఈ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు.

1:1 అని రాసి ఉంటుంది, దాని అర్థం ఏమిటి?

పురుగు అసలు ఎంత సైజులో ఉందో సెన్సర్ (కెమెరా లోపల బొమ్మ పడే పలక) మీద దాని బొమ్మ కూడా అంతే సైజులో పడుతుందని అర్థం. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు. 12 మిల్లీమీటర్ల తేనెటీగ 1:1లో ఫ్రేమ్ వెడల్పులో మూడో వంతు ఆక్రమిస్తుంది. 3 మిల్లీమీటర్ల చీమ అయితే పన్నెండో వంతే. చీమ ముఖం వివరంగా కనిపించాలంటే 1:1 చాలదు, 2:1 లేదా అంతకు మించి కావాలి. తూనీగలు, సీతాకోకచిలుకలకు 1:1లో సగం ఉన్నా సరిపోతుంది.

మాక్రో లెన్స్ ఇప్పుడే కొనలేను. ఉన్న లెన్స్‌తో ఏదైనా దారి ఉందా?

మూడు దారులున్నాయి. మొదటిది ఎక్స్‌టెన్షన్ ట్యూబ్‌లు. లెన్స్‌కూ కెమెరాకూ మధ్య పెట్టే ఖాళీ గొట్టాలివి, లోపల గాజు ఉండదు. ట్యూబ్ పొడవును లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీద మిమీలలో రాసి ఉండే అంకె) భాగిస్తే ఎంత మాగ్నిఫికేషన్ (బొమ్మను పెద్దది చేసే శక్తి) కలుస్తుందో తెలుస్తుంది. 50 మిమీ లెన్స్‌కు 36 మిమీ ట్యూబ్ పెడితే 0.72 కలుస్తుంది. అయితే పురుగుకు చాలా దగ్గరగా వెళ్లాల్సి వస్తుంది.

రెండోది లెన్స్ ముందు తగిలించే క్లోజప్ లెన్స్. రేనాక్స్ డీసీఆర్-250 లాంటివి చాలామంది వాడతారు. దాని శక్తి 8 డయాప్టర్లు, అంటే పురుగుకు సుమారు 12 సెంటీమీటర్ల దూరంలో ఉండి తీయాలి. 55-250 మిమీ లాంటి జూమ్ లెన్స్ చేతిలో ఉంటే నా ఓటు దీనికే. క్షణంలో తగిలించి తీసేయొచ్చు, వెలుతురు కూడా తగ్గదు.

మూడోది రివర్స్ రింగ్‌తో లెన్స్‌ను తిరగేసి బిగించడం. అన్నిటికన్నా చవక ఇదే. కానీ ఆటోఫోకస్ ఉండదు, అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) మార్చడానికి లెన్స్ మీదే రింగ్ ఉండాలి, లెన్స్ వెనక గాజు దుమ్ముకు బయటపడుతుంది. అపర్చర్ రింగ్ ఉన్న పాత మాన్యువల్ లెన్స్ ఇంట్లో మూలపడి ఉంటే తప్పక ప్రయత్నించండి.

60 మిమీ మాక్రో తీసుకోనా, 100 మిమీ తీసుకోనా?

పురుగుల కోసమే అయితే 90 నుంచి 105 మధ్యలో ఏదైనా. ఫోకల్ లెంగ్త్ పెరిగితే పురుగుకూ లెన్స్‌కూ మధ్య ఖాళీ ఎక్కువ ఉంటుంది, దాంతో పురుగు బెదరదు, మధ్యలో ఫ్లాష్ వెలుతురు పడటానికి చోటూ ఉంటుంది. 150, 180 మిమీ లెన్స్‌లు సీతాకోకచిలుకలకు హాయిగా ఉంటాయి కానీ బరువు, చేత్తో పట్టుకుని ఎక్కువసేపు తీయలేరు.

ట్రైపాడ్ కావాలా?

తెల్లవారుజామున కదలకుండా ఉన్నవాటికి, గుడ్లకు, ప్యూపాలకు (రెక్కలు రాకముందు పురుగు కదలకుండా ఉండే దశ) పనికొస్తుంది. మిగతా సమయాల్లో అడ్డమే. ట్రైపాడ్ కాళ్లు సర్దేలోపు పురుగు ఉండదు.

## వెతకడం

పెరడంతా తిరిగినా ఒక్క పురుగూ కనిపించడం లేదు. ఎక్కడ చూడాలి?

తిరగడం ఆపండి. ఒక మొక్క ముందు కూర్చుని పది నిమిషాలు దాన్నే చూడండి. మొదటి రెండు నిమిషాలు ఏమీ కనిపించదు. తర్వాత ఒక చీమ, దాని వెంట ఇంకోటి, అవి పోయే దారి చివర ఏదో ఒకటి కనిపిస్తుంది.

పురుగు కన్నా ముందు దాని గుర్తులు వెతకాలి. కొరికిన ఆకు అంచు ఇంకా పచ్చిగా ఉందంటే కొరికినవాడు దగ్గర్లోనే ఉన్నాడు. కింది ఆకు మీద నల్లటి చిన్న గుళికలు పడి ఉంటే అవి గొంగళిపురుగు రెట్టలు, సరిగ్గా వాటి పైకి చూడండి. చుట్టుకున్న ఆకు, పట్టుదారంతో అతికిన రెండాకులు, జిగటగా మెరిసే ఆకు ఉపరితలం, ఇవన్నీ చిరునామాలే. జిగట ఉంటే పైన పేనుబంకో పిండినల్లో ఉన్నట్టు.

ఆకుల అడుగు భాగం చూడటం అలవాటు చేసుకోండి. కొమ్మ వంచకుండా మీరే కిందికి వంగి చూడండి, వంచితే కొన్ని పురుగులు టపీమని రాలిపోతాయి. అల్లిక రెక్కల పురుగు (లేస్‌వింగ్) గుడ్లు అక్కడే కనిపిస్తాయి. ఒక్కో గుడ్డు వెంట్రుకంత సన్నని కాడ కొసన నిలబడి ఉంటుంది. చీమలకు అందకుండా ఉండటానికీ, ముందు పుట్టిన పిల్లపురుగు పక్క గుడ్డును తినేయకుండా ఉండటానికీ ఆ ఏర్పాటు సాయపడుతుందని చెప్తారు. చీకటి పడ్డాక టార్చిలైటుతో అదే మొక్కను మళ్లీ చూస్తే, పగలు ఎక్కడా లేని గొంగళిపురుగులూ కీచురాళ్లూ బయటికొచ్చి మేస్తుంటాయి.

ఏ టైంలో తీస్తే బాగుంటుంది?

సూర్యోదయం నుంచి ఎండ ఎక్కేదాకా. కీటకాలు ఒంటి వేడి కోసం చాలావరకు పరిసరాల మీదే ఆధారపడతాయి. చల్లగా ఉన్నంతసేపు వాటి కండరాలు చురుగ్గా పనిచేయవు, కాబట్టి ఎగరలేక అలాగే ఉంటాయి. రెక్కల మీద మంచు బిందువులతో తూనీగ దొరికేది అప్పుడే.

అంతగా ఎవరూ పట్టించుకోని సమయం ఇంకోటి ఉంది, సాయంత్రం వెలుతురు తగ్గే వేళ. నీలి చారల తేనెటీగల్లాంటి కొన్ని ఒంటరి తేనెటీగలు గూటికి వెళ్లకుండా ఎండు పుల్లను నోటితో కరిచి పట్టుకుని, కాళ్లు వదిలేసి నిద్రపోతాయి. చాలాసార్లు అదే పుల్ల మీదికి మర్నాడూ వస్తాయి. ఒకసారి ఆ పుల్లను కనిపెడితే ఆ వారమంతా మీకు పని ఉన్నట్టే.

ఎక్కువ పురుగులు రావాలంటే ఏం నాటాలి?

రెండు రకాలు కావాలి. పెద్దవాటికి తేనె ఇచ్చే పూలు, పిల్లపురుగులకు మేత ఇచ్చే ఆకులు. ఒంటి రేకల బంతి, జినియా, పొద్దుతిరుగుడు, తులసి పూలకు తేనెటీగలు, సీతాకోకచిలుకలు వస్తాయి. ముద్దగా రేకలు నిండిన రకాల్లో పుప్పొడి, తేనె సరిగా అందవు. కొత్తిమీరను కోయకుండా పూతకు వదిలేయండి, ఆ చిన్న తెల్లపూల మీద హోవర్‌ఫ్లైలు, చిన్న కందిరీగలు గుంపుగా వాలతాయి. మేత కోసం నిమ్మ జాతి మొక్క ఒకటి ఉంటే మంచిది. ఒక మూల ఎండుటాకులు, పుల్లలు ఊడ్చేయకుండా ఉంచండి. పురుగుమందు మాత్రం కొట్టకూడదు. మందు కొట్టిన మొక్క మీద పేనుబంక తొందరగానే తిరిగొస్తుంది, దాన్ని తినే అక్షింతల పురుగు రావడానికే చాలాకాలం పడుతుంది.

రాత్రి లైటు పెట్టి పురుగుల్ని రప్పించవచ్చా?

రప్పించవచ్చు. తెల్లటి గుడ్డ నిలువుగా కట్టి, దాని మీద లైటు పడేలా పెట్టండి. అతినీలలోహిత కాంతి ఉన్న బల్బులకు ఎక్కువ వస్తాయి, కానీ ఆ బల్బు వైపు నేరుగా చూడకండి. వెన్నెల లేని, గాలి ఆడని, ఉక్కగా ఉన్న రాత్రులు మంచివి. మాత్‌లను (రాత్రి దీపాల చుట్టూ తిరిగే రెక్కల పురుగులు) మసక రంగు పురుగులని తీసిపారేస్తారు కానీ, దగ్గరగా చూస్తే వాటి రెక్కల అల్లిక సీతాకోకచిలుకలకేమీ తీసిపోదు. కొన్ని జాతుల మగవాటికి ఈకల్లాంటి మీసాలుంటాయి, ఆడదాని వాసనను గాలిలో పసిగట్టేది వాటితోనే. పని అయ్యాక లైటు తప్పక ఆర్పేయాలి. తెల్లారేదాకా వెలిగిస్తే అవి మేతా జతా వదిలేసి అక్కడే ఉండిపోతాయి, పొద్దున్నే పక్షులకు దొరికిపోతాయి.

## తీసేటప్పుడు

దగ్గరికి వెళ్లగానే ఎగిరిపోతోంది. ఏం చేయాలి?

కీటకాల సంయుక్త నేత్రాలు (ఎన్నో చిన్న కళ్లు కలిసిన కళ్లు) కదలికను చాలా తొందరగా పసిగడతాయి. కాబట్టి మీరు ఎంత దగ్గరున్నారన్నదాని కన్నా ఎలా కదిలారన్నదే ముఖ్యం. పక్కలకు ఊగకుండా నేరుగా, కింది నుంచి, మెల్లగా వెళ్లండి. మీ నీడ దాని మీద పడకూడదు. అది ఉన్న కొమ్మకూ, దానికి ఆనుకున్న ఆకులకూ మీ చొక్కా కూడా తగలకూడదు. కెమెరాను ముందే ముఖం దగ్గర పెట్టుకుని వెళ్తే, దగ్గరికొచ్చాక చేతులు పైకెత్తే అవసరం ఉండదు. రెండడుగుల దూరంలో ఒక ఫొటో, ఆగి, అడుగున్నర దూరంలో ఇంకోటి, మళ్లీ ఆగి, అలా తీస్తూ వెళ్లండి. ఎగిరిపోయినా చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

ఎగిరిపోయాక వెంటపడకండి. తూనీగల్లో చాలా జాతులు ఒక రౌండ్ వేసి అదే పుల్ల కొసకు తిరిగొస్తాయి. ఆ పుల్ల మీద ముందే ఫోకస్ పెట్టుకుని ఎదురుచూడండి. మేస్తున్న పురుగు, జతకట్టిన పురుగు, వేట నోట్లో ఉన్న పురుగు అంత తొందరగా కదలవు.

సెట్టింగ్స్ ఏం పెట్టాలి?

ఫ్లాష్‌తో అయితే మాన్యువల్ మోడ్, షట్టర్ 1/160 లేదా 1/200 సెకను, అపర్చర్ ఎఫ్/8 నుంచి ఎఫ్/11 (అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది), ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురుకు ఎంత స్పందించాలో చెప్పే అంకె) 200 నుంచి 400, ఫ్లాష్ పవర్ 1/16 దగ్గర మొదలుపెట్టి ఫొటో చూసుకుంటూ మార్చుకోండి. పగటి వెలుతురులో అయితే షట్టర్ 1/250 కన్నా తగ్గకుండా, ఎఫ్/5.6 నుంచి ఎఫ్/8, ఐఎస్ఓ ఆటోలో పెట్టి 1600 దాకా పోనివ్వండి. కాస్త నాయిస్ (ఇసుక చల్లినట్టుండే చుక్కలు) ఉన్న ఫొటోను బాగుచేయవచ్చు, షేక్ అయినదాన్ని బాగుచేయలేం.

కళ్లు స్పష్టంగా ఉంటే ఒళ్లంతా మసక, ఒళ్లు స్పష్టంగా ఉంటే కళ్లు మసక. ఎందుకిలా?

దగ్గరికి వెళ్లేకొద్దీ ఫోకస్‌లో ఉండే మందం తగ్గిపోతుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 1:1 దగ్గర ఎఫ్/8 పెడితే ఆ మందం సుమారు ఒక్క మిల్లీమీటరు. అపర్చర్‌ను ఎఫ్/22కు మూసేస్తే సరిపోతుందిగా అనిపిస్తుంది, కానీ 1:1 దగ్గర ఎఫ్/11 అసలు ఎఫ్/22లాగే ప్రవర్తిస్తుంది. ఇంకా మూస్తే డిఫ్రాక్షన్ (సన్నటి రంధ్రం గుండా వెళ్లే వెలుతురు చెదరడం) వల్ల ఫొటో మొత్తం మెత్తబడుతుంది.

కోణం మార్చుకోవడమే సులువైన ఉపాయం. సీతాకోకచిలుక రెక్కలు మూసుకుని ఉంటే పక్క నుంచి, రెక్కలకు సమాంతరంగా సెన్సర్ ఉండేలా నిలబడండి, మొత్తం స్పష్టంగా వస్తుంది. ముఖం తీస్తున్నప్పుడు కళ్లు స్పష్టంగా ఉంటే చాలు, వెనకాల మసకబారినా చూసేవాళ్లకు లోటనిపించదు.

ఆటోఫోకస్ ముందుకూ వెనక్కూ వెతుక్కుంటూనే ఉంది. వాడాలా, మానాలా?

బాగా దగ్గరి ఫొటోలకు మానేయండి. లెన్స్‌ను మాన్యువల్ ఫోకస్‌లో మీకు కావలసిన మాగ్నిఫికేషన్ దగ్గర స్థిరంగా ఉంచి, ఒంటినే కొద్దికొద్దిగా ముందుకు వంచుతూ కన్ను స్పష్టమైన క్షణంలో నొక్కండి. మోచేతులు ఒంటికి ఆనించండి. ఎడమ చేత్తో మొక్క కాడ పట్టుకుని, అదే చేతి మణికట్టు మీద లెన్స్ ఆనిస్తే గాలి వీచినా పురుగూ కెమెరా కలిసే ఊగుతాయి. కాడను మెల్లగా, పురుగుకు దూరంగా పట్టుకోవాలి.

ఎగురుతున్న పురుగుల్ని తీయగలమా?

హోవర్‌ఫ్లైతో మొదలుపెట్టండి. చూడటానికి తేనెటీగలా పసుపు చారలుంటాయి కానీ అది ఈగే. రెక్కలు ఒకే జత, మీసాలు బాగా పొట్టి, కుట్టదు. గాలిలో ఒకేచోట కొన్ని సెకన్లు నిలబడుతుంది కాబట్టి ఫోకస్ చేయడానికి వ్యవధి దొరుకుతుంది. ఫ్లాష్ లేకుండా రెక్కలు స్పష్టంగా రావాలంటే 1/2000 కన్నా వేగం కావాలి.

ఫ్లాష్ వేస్తే వాటి కళ్లు పోవా?

ఈ సందేహం వచ్చిందంటే మీకు వాటి మీద శ్రద్ధ ఉందన్నమాట, సంతోషం. తక్కువ పవర్‌లో ఫ్లాష్ వెలిగేది 1/10,000 సెకను దరిదాపుల్లోనే. మేస్తున్న పురుగు చాలావరకు మేస్తూనే ఉంటుంది. ఉలిక్కిపడి ముడుచుకున్నా, పారిపోవాలని చూసినా ఆపేసి వదిలేయండి. రాత్రిపూట కళ్లు చీకటికి అలవాటు పడి ఉంటాయి కాబట్టి నేను రెండు మూడు ఫొటోలతో సరిపెడతాను.

ఫ్లాష్ వేస్తే పెంకు పురుగు వీపు మీద తెల్లటి మచ్చ పడుతోంది. ఎలా పోగొట్టాలి?

అది ఫ్లాష్ ప్రతిబింబం. చిన్న బల్బు నుంచి వచ్చే వెలుతురు నున్నటి పెంకు మీద చిన్న, గట్టి మచ్చలా కనిపిస్తుంది. వెలుతురు వచ్చే ఉపరితలాన్ని పెద్దది చేసి, పురుగుకు దగ్గరగా తేవాలి. తెల్లటి పలచని ప్లాస్టిక్ షీటునో ట్రేసింగ్ పేపర్‌నో లెన్స్ కొస మీదుగా పురుగు వైపు గొడుగులా వంచి కట్టండి. ఫ్లాష్‌కూ షీటుకూ మధ్య ఖాళీ ఉంటే వెలుతురు షీటంతా పరుచుకుంటుంది. ఫొటోను పెద్దది చేసి పురుగు కంట్లో చూడండి, మీ డిఫ్యూజర్ బొమ్మ అక్కడ కనిపిస్తుంది. మచ్చ అంచులు మెత్తగా కలిసిపోయేదాకా షీటు మారుస్తూ, వంపు సరిచేస్తూ ఉండండి. ఇంట్లో చేసుకున్న డిఫ్యూజర్ కొన్నదానికి ఏమాత్రం తీసిపోదు.

పట్టపగలు తీసినా వెనకంతా రాత్రిలా నల్లగా వస్తోంది.

ఫ్లాష్ వెలుతురు దూరం పోయేకొద్దీ చాలా వేగంగా తగ్గిపోతుంది. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతే. పురుగుకు సరిపడా పడినా వెనక ఉన్న గోడకు చేరదు. పురుగు వెనక కొద్ది సెంటీమీటర్ల దూరంలో ఆకు వచ్చేలా కోణం మార్చుకోండి, లేదా ఐఎస్ఓ పెంచి షట్టర్ 1/100 దాకా తగ్గించి పగటి వెలుతురును కూడా రానివ్వండి.

కదలకుండా ఉండాలని ఫ్రిజ్‌లో పెడతారట, నిజమేనా?

కొందరు అలా చేస్తారు. దయచేసి మీరు చేయకండి. చలికి బిగుసుకుపోయిన పురుగు కాళ్లు, మీసాలు సహజంగా ఉండవు, తెలిసినవాళ్లకు చూడగానే తెలిసిపోతుంది. ప్రాణానికీ ప్రమాదం. జిగురుతో అతికించడం, ప్యూపాను ఊడదీసి వెలుతురులోకి తేవడం, గూడు కప్పిన ఆకులు తుంచేయడం కూడా అంతే. ఉదయం చల్లటి వేళ వెళ్తే అవే కదలకుండా కూర్చుని ఉంటాయి, ఆ పాటి ఓపిక చాలు.

కుడితేనో? దురద పెడితేనో?

పూల మీద ఉన్న తేనెటీగ మీ జోలికి రాదు. గూడు దగ్గర మాత్రం కందిరీగలకు, తేనెటీగలకు చాలా దూరంగా ఉండండి. వెంట్రుకలున్న గొంగళిపురుగుల్ని ముట్టుకోవద్దు, కొన్నిటి వెంట్రుకలు చర్మంలో విరిగి మంట, దద్దుర్లు తెస్తాయి. అవి ఒంటికి అంటుకుంటే రుద్దకుండా అంటుకునే టేపు వేసి లాగి, సబ్బుతో కడగండి. కుట్టిన తర్వాత ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. గడ్డిలో మోకాళ్లు ఆనించే ముందు ఓసారి కర్రతో కదిపి చూసుకోండి.

## తీశాక

ఒకే పురుగువి ఇరవై ఫొటోలు తీశాను. ఏది ఉంచాలి?

పెద్దది చేసి కళ్లు చూడండి. స్పష్టంగా లేనివి తీసేయండి. మిగిలినవాటిలో పురుగు ఏదో చేస్తున్నది ఉంటే అదే ఉంచండి. మీసాలు తుడుచుకుంటున్న ఈగ, ఊరికే కూర్చున్న ఈగ కన్నా ఎప్పుడూ మేలు.

ఫోకస్ స్టాకింగ్ తప్పనిసరా?

కాదు. ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ తీసిన ఫొటోలను హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో కలిపి ఒకే స్పష్టమైన ఫొటో చేయడమే స్టాకింగ్. పురుగు కదలకూడదు, గాలి ఉండకూడదు. నిద్రపోతున్న తేనెటీగకు, గుడ్లకు బాగా కుదురుతుంది. ఒక్క ఫొటోలో కన్ను స్పష్టంగా తీయడం చేతికి వచ్చాకే దీని జోలికి వెళ్లడం మంచిది.

గొల్లభామ ఫొటో ఎటు నుంచి తీసినా కంట్లో నల్ల చుక్క నన్నే చూస్తోంది. ఫొటో లోపమా?

లోపం కాదు, అక్కడ నల్లపాప కూడా లేదు. సంయుక్త నేత్రంలో మీకు సూటిగా ఎదురుగా ఉన్న కంటి గొట్టాలు వెలుతురును లోపలికి పీల్చేసుకుంటాయి, అందుకే ఆ చోటు నల్లగా కనిపిస్తుంది. మీరు జరిగితే చుక్కా జరుగుతుంది. రెండు కళ్లలోనూ చుక్క ఒకేలా కనిపించే కోణం దొరికితే ఫొటో చాలా బాగుంటుంది.

పురుగు పేరు ఎలా తెలుసుకోవాలి?

ఒక్క అందమైన ఫొటోతో తేలదు. పై నుంచి, పక్క నుంచి, ముఖం, రెక్కల ఈనెలు కనిపించేలా, అది కూర్చున్న మొక్క కూడా తీయండి. 2008లో మొదలైన ఐనేచురలిస్ట్ అనే వెబ్‌సైట్‌లో పెడితే ముందు కంప్యూటర్ ఒక ఊహ చెప్తుంది, తర్వాత తెలిసినవాళ్లు సరిచూస్తారు. కంప్యూటర్ చెప్పిన జాతి పేరును వెంటనే నమ్మకండి, చాలా ఈగలు, చిన్న కందిరీగలు ఫొటోతో జాతి దాకా తేలవు. కుటుంబం పేరు తెలిసినా చాలా తెలిసినట్టే.

## కొన్నాళ్లు గడిచాక

ఎప్పుడూ అవే పురుగులు. విసుగొస్తోంది. ఇంకేం తీయాలి?

కొత్త పురుగుకు బదులు ఒకే పురుగు జీవితం తీయండి. నిమ్మ మొక్క లేత ఆకు మీద తోకరెక్కల సీతాకోకచిలుక జాతిది ఒకటి గుడ్డు పెట్టి వెళ్లిందనుకోండి. ఆవగింజ కన్నా చిన్న లేత పసుపు ముత్యం అది. పుట్టిన పిల్లపురుగు గోధుమ, తెలుపు మచ్చలతో అచ్చం పక్షి రెట్టలా ఉంటుంది. కుబుసం విడుస్తూ పెరిగి, చివరి దశలో ఒక్కసారిగా ఆకుపచ్చగా మారుతుంది. అప్పుడు దాన్ని బెదిరిస్తే తల వెనక నుంచి రెండు పాయల మెత్తటి కొమ్ము బయటికి తీస్తుంది, ఘాటైన వాసన వస్తుంది. దానికోసం దాన్ని పొడవకండి, చీమో సాలీడో దగ్గరికొచ్చినప్పుడు అదే తీస్తుంది.

తర్వాత నడుముకు ఒక పట్టుదారం కట్టుకుని, కొమ్మకు ఆనుకుని ప్యూపాగా మారుతుంది. బయటికొచ్చే ముందు ప్యూపా పెంకు పలచబడి రెక్కల రంగులు లోపలి నుంచి కనిపిస్తాయి. అది చూసిన మర్నాడు తెల్లవారకముందే కెమెరా సిద్ధంగా పెట్టుకోవాలి. పెంకు పగిలి బయటికి రావడం నిమిషాల్లో అయిపోతుంది, ముడతలుపడ్డ రెక్కలు విచ్చుకుని ఆరడానికి ఇంకాస్త ఎక్కువ సమయం పడుతుంది. ఈ మొత్తం వరుసను ఒకే మొక్క మీద తీసుకోగలిగే అవకాశం మీ పెరట్లోనే ఉంది. అన్ని పురుగులూ ప్యూపా దాకా రావు, మధ్యలో పరాన్నజీవి కందిరీగలు, పక్షులు చాలావాటిని తీసుకుపోతాయి. అదీ తీయండి.

నా ఫొటోలు ఎవరికైనా పనికొస్తాయా?

తేదీ, ప్రదేశం సరిగ్గా ఉంటే మామూలు ఫొటో కూడా రికార్డే. ఐనేచురలిస్ట్‌లో చూసినవాళ్లలో మూడింట రెండొంతుల కన్నా ఎక్కువమంది ఒకే జాతి పేరుకు ఒప్పుకుంటే అది రీసెర్చ్ గ్రేడ్ అవుతుంది, అలాంటి రికార్డులను పరిశోధకులు వాడుకోవచ్చు. తీసిన తేదీ మారకుండా అసలు ఫైల్ దాచుకోండి, మేత మొక్క పేరు రాయండి. పెరటి ఫొటో అంటే మీ ఇంటి చిరునామా కూడా దాంతోపాటే వెళ్తుంది కాబట్టి, పెట్టేటప్పుడు లొకేషన్‌ను ఖచ్చితంగా చూపకుండా మసకపరిచే ఆప్షన్ ఎంచుకోండి.